ఖర్చుపట్టీలో కుక్క

కుక్కల పార్కు బారు అమెరికాలో గత పదిహేనేళ్లలో నిలదొక్కుకున్న వ్యాపారం. అరెకరమో ఎకరమో స్థలం, చుట్టూ ఎత్తైన కంచె, లోపల గొలుసు విప్పి వదిలిన కుక్కలు, ఒక వార కౌంటరు, దాని వెనక బీరు కుళాయిలు. చాలా చోట్ల మనిషికి ప్రవేశం ఉచితం, టికెట్టు కుక్కకు. రోజుకైతే పది డాలర్లకు అటూ ఇటూ, నెలకో ఏడాదికో సభ్యత్వం తీసుకుంటే ఇంకా చవక. లెక్కల పుస్తకం ప్రకారం కుక్క డబ్బు కట్టి లోపలికి వస్తుంది, మనిషి దాని వెంట వచ్చి కూర్చుని తాగుతాడు.

కుక్కల్ని విడిచిపెట్టే పార్కు అంతకు ముందే ఉంది. కాలిఫోర్నియాలోని బర్క్లీలో 1979లో మొదలైన ఒహ్లోనీ పార్కును ఈ తరహాలో మొదటిదని చెబుతారు. అది ఊరి స్థలం, టికెట్టు లేదు, బీరు లేదు. 2013లో డాలస్‌లో మట్స్ కెనైన్ కంటీనా, 2018లో కాన్సస్ సిటీలో బార్ కె తెరుచుకున్నాయి. పార్కునూ బారునూ ఒకే కంచెలో పెట్టడం అలా వాడుకలోకి వచ్చింది. ఆ తర్వాత అది ఫ్రాంచైజీ అయింది: పేరు, నమూనా, నడిపే పద్ధతి ఒక కంపెనీవి, డబ్బు, స్థలం, తలనొప్పి ఊళ్లో ఉన్న మరొకరివి.

ఇలాంటి బారు పెట్టాలంటే ఎంతవుతుందన్నది మామూలుగా బ్యాంకు మేనేజరు, అకౌంటెంటు, లాయరు తేల్చే సంగతి. కానీ ఆ అంకెల కింద పాత ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఖర్చు అంటే ఎవరి మీద పడేది? దేనికి వెల కట్టవచ్చు, దేనికి కట్టకూడదు? ఏ బతుకుతెరువు తగినది, ఏది తగనిది? మొదటిదాన్ని చట్టం తనదంటుంది, రెండోదాన్ని తత్త్వశాస్త్రం, మూడోదాన్ని మతాలు. విడివిడిగా తీసుకుంటే దేనికీ జవాబు దొరకదు. ముగ్గురూ ఆ ఖర్చుపట్టీని వరసగా చదవాలి.

అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మే కంపెనీ తన షరతులన్నీ ముందే కాగితం మీద పెట్టాలి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లో అమలుకు తెచ్చి, 2007లో సవరించిన నిబంధన అది. ఆ కాగితాన్ని డిస్‌క్లోజర్ డాక్యుమెంట్ అంటారు. అందులో 23 అంశాలుంటాయి. సంతకం పెట్టడానికి గానీ డబ్బు కట్టడానికి గానీ కనీసం 14 రోజుల ముందు అది కొనేవాడి చేతికి అందాలి. మూడో అంశంలో కంపెనీ మీద ఉన్న కోర్టు కేసులు, నాలుగో అంశంలో దివాలాలు, అయిదులో మొదట కట్టే ఫీజు, ఆరులో తర్వాత కడుతూ పోవలసినవి, ఏడులో మొత్తం ఆరంభ పెట్టుబడి పట్టిక, ఇరవైలో ఎన్ని దుకాణాలు తెరిచారు, ఎన్ని మూశారు అన్న లెక్క. సంపాదన గురించిన పంతొమ్మిదో అంశం మాత్రం కంపెనీ ఇష్టం. చెబితే ఆధారంతో చెప్పాలి, చెప్పకుండా ఊరుకున్నా తప్పు కాదు. ఖర్చు చెప్పి తీరాలి, ఆదాయం చెప్పకపోయినా ఫర్వాలేదు. వైరాగ్యం బోధించేవాళ్లు కూడా ఇంతకన్నా గట్టి నియమం పెట్టి ఉండరు.

ఈ తరహా బారుకు ఫ్రాంచైజీ ఫీజు సాధారణంగా 40,000 నుంచి 50,000 డాలర్లు. అది తిరిగి రాదు. గురుకులంలో దక్షిణ చదువు ముగిశాక ఇచ్చేవారు. ఇక్కడ దక్షిణ ముందు, చదువు తర్వాత. మొత్తం ఆరంభ పెట్టుబడి అయిదు లక్షల డాలర్ల దగ్గర మొదలై పది లక్షలు దాటడం మామూలే. కౌంటరు, ఫ్రిజ్‌లు, మరుగుదొడ్లు, బిల్లింగ్ యంత్రాలు, మొదటి మూడు నెలలు చేతిలో ఉండాల్సిన డబ్బు, ఇవన్నీ ఏ బారుకైనా ఉండేవే. తేడా అంతా నేలలో ఉంది.

యాభై కుక్కలు రోజూ పరిగెత్తే చోట మామూలు పచ్చిక కొద్ది వారాలు కూడా నిలవదు. మూత్రంలోని నత్రజని గడ్డిని మాడ్చేస్తుంది, పంజాలు మిగిలినదాన్ని పెకిలిస్తాయి, ఒక్క వానకు అంతా బురద. అందుకని పైమట్టి తీసేసి, కంకర పోసి, రోలరు తొక్కించి, నీళ్లు ఒక వారకు జారేలా వాలు పెట్టి, కింద గొట్టాలు వేసి, ఆపైన చిల్లులున్న కృత్రిమ గడ్డి పరుస్తారు. గడ్డి పోగుల మధ్య అమ్మోనియా వాసన పీల్చే ఖనిజపు గుండ చల్లుతారు. చదరపు అడుగుకు పది నుంచి ఇరవై డాలర్లు పడుతుంది. అరెకరం అంటే దాదాపు 21,800 చదరపు అడుగులు కాబట్టి మొత్తం పరిస్తే రెండు లక్షల డాలర్లకు తక్కువ కాదు. చాలామంది సగం పరిచి, మిగతా సగంలో చెక్కపొట్టో గుండ్రాళ్లో పోస్తారు. ప్రతి రాత్రీ నీళ్లు కొట్టి ఎంజైమ్ ద్రావణం చల్లాలి. ఎక్కడైనా నీరు నిలిస్తే లెప్టోస్పైరోసిస్ భయం, అది కుక్కల నుంచి మనుషులకూ అంటుతుంది.

నేల తర్వాత గేటు. ఒకటి కాదు, రెండు ఉంటాయి, మధ్యలో నలుగురు పట్టే చిన్న దొడ్డి. బయటి గేటు మూశాకే లోపలి గేటు తీస్తారు. గొలుసు విప్పేది ఆ దొడ్డిలోనే. విడిగా తిరుగుతున్న కుక్కల మధ్యకు గొలుసుతో వచ్చిన కుక్క తప్పించుకునే దారి లేదని బెదిరి కరుస్తుంది. రేబీస్, డిస్టెంపర్, కెన్నెల్ దగ్గు టీకాల కాగితాలు అక్కడే చూస్తారు. ఆ దొడ్డిలో నిలబడే మనిషి జీతం ఏడో అంశంలో విడిగా కనిపించదు. మొదటి మూడు నెలల ఖర్చుల కింద ఎక్కడో కలిసిపోయి ఉంటుంది. ఈ వ్యాసానికి అసలు విషయం ఆ జీతమే, కాకపోతే అక్కడికి చేరడానికి ఇంకొన్ని వరసలు దాటాలి.

మద్యం లైసెన్సు వాటిలో ఒకటి. అమెరికా 1920 నుంచి 1933 దాకా మద్యాన్ని దేశమంతటా నిషేధించింది. ఆ నిషేధం వెనక ప్రొటెస్టెంట్ చర్చిల మద్యవ్యతిరేక ఉద్యమం ఉంది. నిషేధం పోయింది గానీ దాని నీడ రాష్ట్రాల చట్టాల్లో మిగిలింది. న్యూజెర్సీలో ఊరి జనాభాలో ప్రతి 3,000 మందికి ఒక్క బారు లైసెన్సు చొప్పున కోటా పెట్టారు. అందువల్ల ఉన్న లైసెన్సు చేతులు మారేటప్పుడు లక్షల డాలర్లు పలుకుతుంది. టెక్సస్‌లో అలాంటి కోటా లేదు గానీ, మద్యం అమ్మవచ్చో లేదో ఏ ప్రాంతానికాప్రాంతం ఓటు వేసి తేల్చుకోవచ్చు. వందేళ్ల కిందటి పాస్టర్ల ప్రసంగాలు ఈ రోజు ఖర్చుపట్టీలో ఒక వరసగా మిగలడం చిత్రమే.

బ్యాంకు అప్పుకు తరచు వాడేది చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ హామీ ఉండే ఎస్‌బీఏ 7(ఏ) రుణం. దీని గరిష్ఠ పరిమితి 50 లక్షల డాలర్లు. వ్యాపారంలో 20 శాతం, ఆపైన వాటా ఉన్న ప్రతి ఒక్కరూ సొంత హామీ ఇవ్వాలి. అంటే కంపెనీ మునిగినా అప్పు మునగదు, ఇంటిదాకా వస్తుంది. బీమాలో మద్యం తాగినవాడు చేసే నష్టానికి ఒకటి, కుక్కకాటుకు ఒకటి విడిగా తీసుకోవాలి. ఈ రెండూ ఒకే కంచెలో ఉన్నాయని తెలియగానే బీమా కంపెనీ గుమాస్తా కళ్లద్దాలు సవరించుకుంటాడు.

ఇక రాయల్టీ. అమ్మకాల్లో సాధారణంగా 5 నుంచి 7 శాతం, దానికి తోడు ప్రచార నిధికి ఒకటో రెండో శాతం. ఇది లాభం మీద కాదు, మొత్తం అమ్మకాల మీద. దుకాణం నష్టాల్లో ఉన్న నెలలో కూడా కట్టాలి.

ఇంతవరకూ చెప్పినవన్నీ సంతకం పెట్టినవాడి మీద పడేవి. చట్టం దృష్టిలో ఖర్చు అంటే అదే. 23 అంశాల్లో ఎక్కడ వెతికినా కుక్క కనిపించదు. కనిపించేది మరో కాగితంలో. గేటు దగ్గర యజమాని సంతకం పెట్టే మాఫీ పత్రం అది. తన కుక్కకు ఏమైనా జరిగితే దుకాణాన్ని నిలదీయనని అందులో ఒప్పుకుంటాడు. సంతకం ఒకరిది, తగిలే గాయం మరొకరిది.

అమెరికా చట్టంలో కుక్క వస్తువు. కుర్చీ, సైకిలు ఏ వర్గంలో ఉంటాయో అదీ ఆ వర్గంలోనే. టెక్సస్ సుప్రీం కోర్టు 2013లో దీన్ని మరోసారి ఖాయం చేసింది. ఫోర్ట్ వర్త్ నగరపు జంతు సంరక్షణశాలలో యజమాని వచ్చి తీసుకెళ్తాడని గుర్తు పెట్టి ఉంచిన కుక్కను పొరపాటున చంపేశారు. ఆ కుటుంబం తమకు దానిమీద ఉన్న మమకారానికి పరిహారం అడిగింది. కింది అప్పీలు కోర్టు ఒప్పుకుంది, సుప్రీం కోర్టు ఒప్పుకోలేదు. 1891 నాటి తీర్పును ఆధారం చేసుకుని, కుక్కకు మార్కెట్ ధర గానీ, అది చేసే పనికి ఉన్న విలువ గానీ ఇప్పించవచ్చు తప్ప, అనుబంధానికి వెల కట్టడం కుదరదని తేల్చింది. తీర్పు కఠినంగా వినిపిస్తుంది. అయినా అందులో ఒక నిజం ఉంది. కోర్టు ఆ అనుబంధం చిన్నదని అనలేదు, డబ్బు కొలతలో పట్టదని మాత్రమే అంది.

తెలుగులో వెల వేరు, విలువ వేరు. అంగట్లో పలికేది వెల, పోయాక తెలిసేది విలువ. జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1785లో రాసిన నీతిశాస్త్ర గ్రంథంలో ఇలాంటి విభజనే చేశాడు. ప్రతిదానికీ వెల గానీ గౌరవం గానీ ఉంటుంది. వెల ఉన్నదాని స్థానంలో మరొకటి పెట్టవచ్చు, గౌరవం ఉన్నదాని స్థానంలో పెట్టలేము. అయితే ఆ గౌరవం ఆయన దృష్టిలో బుద్ధితో నడిచే మనిషిదే, కుక్కది కాదు. మళ్లీ ఆయనే నీతి పాఠాల్లో, ఏళ్ల తరబడి నమ్మకంగా సేవ చేసిన ముసలి కుక్కను యజమాని చివరిదాకా పోషించాలని చెప్పాడు. ఎందుకయ్యా అంటే, కుక్క పట్ల కర్కశంగా ఉన్నవాడు మనుషుల పట్లా అలాగే తయారవుతాడని. కుక్కకు ఉన్న బాకీ కుక్కకు కాకుండా మనిషి ఖాతాలో జమ అవుతుంది. ఈ వాదన ఎంత తెలివైనదో అంత అసంతృప్తికరం. ముసలి కుక్క గిన్నె ముందు కూర్చుని చూస్తున్నప్పుడు యజమానికి మానవజాతి గుర్తుకు రావడం అనుభవానికి దూరం.

మనిషి, కుక్కల బాకీ ఎంత పాతదో చెప్పే ఆధారం జర్మనీలోనే బాన్ నగరం దగ్గర ఒబర్‌కాసెల్‌లో 1914లో దొరికింది. రాతిగనిలో పనివాళ్లకు ఒక మగవాడు, ఒక స్త్రీ, వాళ్లతో పాటు పూడ్చిన కుక్క ఎముకలు కనిపించాయి. వయసు సుమారు 14,000 ఏళ్లు. చనిపోయేనాటికి ఆ కుక్కకు ఏడు నెలలు కూడా నిండలేదు. పళ్ల మీద మిగిలిన గుర్తుల్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు, దానికి నాలుగో అయిదో నెలలో డిస్టెంపర్ సోకి ఉంటుందని, ఒక్కసారి కాదు, పలుమార్లు తిరగబెట్టి ఉంటుందని, ఎవరో నీళ్లు పట్టి, వెచ్చగా ఉంచి, శుభ్రం చేస్తే తప్ప అన్ని వారాలు బతికేది కాదని 2018లో ప్రకటించారు. వేటకు పనికిరాని, కాపలాకు పనికిరాని జబ్బు కుక్కపిల్ల. దానిమీద పెట్టిన శ్రమకు తిరిగివచ్చేది ఏమీ లేదు. ఈనాడు బారు గేటు దగ్గర చూసే టీకా కాగితంలో ఉన్నది ఆ జబ్బు పేరే.

మతాల వైపు తిరిగితే మొదట ఎదురయ్యేది మద్యం. బుద్ధుడు గృహస్థులకు కూడదన్న అయిదు వ్యాపారాలు అంగుత్తర నికాయంలో ఉన్నాయి: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తుపదార్థాలు, విషం. కుక్కల పార్కు బారు ప్రాణుల్ని అమ్మదు, వాటితో గడిపే చోటును అద్దెకిస్తుంది. మత్తును మాత్రం సూటిగా అమ్ముతుంది. ఆ జాబితా ప్రకారం ఇది తప్పిన బతుకుతెరువే, సందేహం లేదు. మహాభారతం ఆదిపర్వంలో శుక్రాచార్యుడు తన శిష్యుడు కచుడి బూడిద కలిసిన సురను తెలియక తాగి, తెలిసొచ్చాక మద్యపానాన్ని మహాపాతకంగా శాసించాడు. ఆ కథలో సురకు అంటగట్టిన దోషం రుచిది కాదు, లాభానిదీ కాదు. కడుపులోకి ఏం పోతోందో, ఎవరు పోతున్నారో తెలియకుండా చేసే ఏమరుపాటుది. డాలస్ శివార్లలో ఉద్యోగంతో పాటు మరో ఆదాయం వెతుక్కునే తెలుగు ఇళ్లలో బారు మాట ఎత్తగానే పెద్దవాళ్లు ముఖం చిట్లించేది మడి వల్ల. శుక్రుడి అభ్యంతరం మడికన్నా లోతైనది.

కుక్కల పార్కులో ఏమరుపాటుకు ప్రత్యేకమైన అర్థం ఉంది. కుక్క కరిచే ముందు చెబుతుంది. ఆవలిస్తుంది, పెదవి నాకుతుంది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కకు చూస్తుంది, తోక బిగబట్టి నిటారుగా నిలుపుతుంది, కదలకుండా కొయ్యబారిపోతుంది. కుర్చీ కింద దూరి తోక కాళ్లమధ్య పెట్టుకున్న కుక్క, ఇంటికి పోదామని అంతకన్నా స్పష్టంగా అడగలేదు. ఇదంతా రెండు మూడు క్షణాల వ్యవహారం. రెండో గ్లాసు ముగించిన యజమానికి ఆ మూడు క్షణాలు దొరకవు. పైగా ఆయనకు తన కుక్క ఆడుకుంటోందన్న నమ్మకం ముందే ఉంది, డబ్బు కట్టి మరీ తెచ్చాడు కదా. అన్ని కుక్కలకూ గుంపు ఇష్టం ఉండదని ఒప్పుకోవడం ప్రేమించే యజమానికే ఎక్కువ కష్టం. ఈ దుకాణం అమ్మే రెండు సరుకుల్లో ఒకటి, రెండోదానికి కావలసిన మెలకువను తినేస్తుంది. చాలా రాష్ట్రాల్లో తాగినవాడికి మళ్లీ పోసి, అతను వేరొకరికి హాని చేస్తే పోసిన బారు బాధ్యత వహించాలనే చట్టముంది. కుక్క కళ్లు చదవలేకపోయినందుకు అలాంటి చట్టం లేదు.

తర్వాతది ప్రవేశం. కుక్కను ఎక్కడికి రానివ్వాలన్నది భారతీయ సంప్రదాయంలో చిన్న ప్రశ్న కాదు. మహాభారత కథ దాంతోనే మొదలై దాంతోనే ముగుస్తుంది. ఆదిపర్వంలో జనమేజయుడి యాగశాలకు సరమ అనే కుక్క కొడుకు వచ్చాడు. హవిస్సును ముట్టలేదు, చూడనైనా లేదు. రాజు తమ్ముళ్లు కొట్టి తరిమారు. సరమ వచ్చి, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డను ఎందుకు కొట్టారని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. అనుకోని ఆపద వచ్చి పడుతుందని ఆమె శపించింది. నన్నయ తెలుగు భారతంలో ఈ ఘట్టానికి మంచి చోటే ఇచ్చాడు. మహాప్రస్థానిక పర్వంలో వరస తిరగబడింది. స్వర్గద్వారం దగ్గర ఇంద్రుడు ధర్మరాజును రథమెక్కమన్నాడు, కుక్కను వదిలేయమన్నాడు. ఆయన చెప్పిన కారణం శుచి. కుక్కల్ని పెంచేవాళ్ల పుణ్యాన్ని క్రోధవశులనే వాళ్లు హరిస్తారు, కుక్క చూసిన హవిస్సు చెడుతుంది, కాబట్టి కుక్క ఉన్నవాడికి స్వర్గంలో చోటులేదు. అమెరికా ఆహార నిబంధనలు కూడా చాలాకాలం ఇదే మాట అన్నాయి. వంటశాలలున్న చోట అంగవికలులకు తోడుండే సేవా కుక్కలు తప్ప వేరే జంతువులు రాకూడదు. కాలిఫోర్నియా 2014లో ఆరుబయట భోజనాల దగ్గర పెంపుడు కుక్కల్ని అనుమతించే చట్టం చేసింది. 2022 నాటి ఫెడరల్ నమూనా నిబంధనావళి కూడా షరతులతో ఒప్పుకుంది. ఇంద్రుడి నియమం సడలడానికి కొంత కాలం పట్టింది.

ధర్మరాజు జవాబులో ఎక్కువమంది గుర్తుపెట్టుకునేది ఆశ్రయించినదాన్ని వదలననడం. అంతకన్నా పదునైనది తర్వాతి భాగం. తమ్ముళ్లనూ ద్రౌపదినీ దారిలో వదిలి వచ్చినవాడివి, కుక్కను వదలలేవా అని ఇంద్రుడు ఎత్తిపొడిచాడు. వాళ్లు చనిపోయారు, వాళ్లను బతికించడం నా చేతిలో లేదు, బతికి ఉండగా వదల్లేదు అన్నాడు ధర్మరాజు. విలువను ఆయన గతం మీద గానీ బంధుత్వం మీద గానీ ఆనించలేదు. బతికి ఉండి, వెంట వచ్చి, తనమీద ఆధారపడ్డ ప్రాణి ఎదుట నిలబడి ఉంది. బాధ్యత అక్కడ పుడుతుంది. కాంట్ చెప్పినట్టు బాకీ వేరే ఖాతాకు మళ్లదు.

గీత అయిదో అధ్యాయంలో పండితుడు విద్యావంతుడైన బ్రాహ్మణుణ్ణీ, ఆవునూ, ఏనుగునూ, కుక్కనూ, కుక్కమాంసం తినేవాణ్ణీ సమంగా చూస్తాడన్న మాట ఉంది. అది చూపులో సమత్వమే గానీ వ్యవహారంలో కాదని వ్యాఖ్యాతలు జాగ్రత్త పడ్డారు. వ్యవహారం సంగతి గృహస్థుడి పంచమహాయజ్ఞాల్లో తేలింది. వైశ్వదేవం చేశాక తన భోజనానికి ముందు కుక్కలకు, కాకులకు, పురుగులకు బలి అన్నం పెట్టాలి. ఆ ముద్దకు కుక్క ఎవరిదో అడగరు, కాగితాలు అడగరు, కృతజ్ఞత కూడా అడగరు. భారతదేశంలో ఆ పని ఇప్పుడు కోర్టులదాకా వెళ్లింది. వీధికుక్కలకు నిర్ణయించిన చోట్లలోనే తిండి పెట్టాలని సుప్రీం కోర్టు 2025 ఆగస్టు 22న ఆదేశించింది. పెంపుడు కుక్కలకు మాత్రం హైదరాబాద్ కొండాపూర్‌లో జీహెచ్ఎంసీ 2018లో ఎకరం పైచిలుకు స్థలంలో పార్కు తెరిచింది.

ముద్దకూ టికెట్టుకూ తేడా ఉందని, టికెట్టు పెట్టగానే ప్రేమ సరుకైపోయిందని అనడం తేలిక. మైకేల్ శాండెల్ లాంటి తత్త్వవేత్తలు డబ్బు ప్రవేశించిన చోట కొన్ని మంచి గుణాలు పలచబడతాయని వాదించారు. ఆ వాదనలో బలముంది. అయితే ఇక్కడ అది సగమే వర్తిస్తుంది. ఊరి పార్కు కూడా ఉచితం కాదు, పన్ను కట్టేవాళ్లందరూ కలిసి మోస్తారు. పైగా అక్కడ కాపలా ఉండదు. బెదిరిన కుక్కను విడదీసేవాడు లేడు, టీకా చూసేవాడు లేడు. టీకా కాగితం అడగడం ధర్మవిరుద్ధం కాదు, లోపలున్న కుక్కల పట్ల ఉన్న బాధ్యత అది. పది డాలర్లతో కొనేది కుక్క స్నేహాన్ని కాదు, యజమాని ఏమరినప్పుడు దాన్ని చూసే మరో జత కళ్లను. ఆ కళ్లకు వెల కట్టడంలో తప్పు లేదు. కట్టాక అవి అక్కడ ఉన్నాయా లేదా అన్నదే ప్రశ్న.

దానికి జవాబు లెక్కల్లో ఉంది. ఉదాహరణకు ఒక దుకాణం ఆరు లక్షల డాలర్ల అప్పు పదేళ్లకు 11 శాతం వడ్డీకి తీసుకుందనుకుంటే నెల వాయిదా 8,200 డాలర్ల పైన ఉంటుంది. అద్దె 10,000, బీమా 2,500 అనుకోవాలి. ఏప్రిల్‌లో అమ్మకాలు 70,000 డాలర్లు అయితే, అందులో రాయల్టీ, ప్రచార నిధి కలిపి 7 శాతం చొప్పున 4,900, సరుకుకు అయిదో వంతు చొప్పున 14,000, పై మూడు ఖర్చులూ పోయాక, జీతాలకూ కరెంటుకూ ఇతరాలకూ సుమారు 30,000 మిగులుతాయి. ఫిబ్రవరిలో వానలు, చలిగాలి, అమ్మకాలు 30,000. రాయల్టీ 2,100, సరుకు 6,000, వాయిదా, అద్దె, బీమా మారవు. మిగిలేది 1,200 డాలర్ల లోపే. ఇందులోంచే అందరి జీతాలూ ఇవ్వాలి.

అప్పు తగ్గించలేరు, బ్యాంకు ఊరుకోదు. అద్దె తగ్గించలేరు, లీజు ఊరుకోదు. రాయల్టీ నష్టం వచ్చిందని ఆగదు. బారు దగ్గర నిలబడేవాణ్ణి పంపేస్తే వచ్చే కాస్త ఆదాయమూ పోతుంది. టెక్సస్‌లో అతని జీతం ఎక్కువ భాగం టిప్పుల మీదే గడుస్తుంది కాబట్టి అతను పెద్ద భారమూ కాదు. టిప్పులుండే పనివాళ్లకు చట్టం విధించిన కనీస నగదు వేతనం గంటకు 2.13 డాలర్లు, మిగతావాళ్లకు 7.25. కుక్కల మధ్య నిలబడేవాడికి టిప్పు ఇవ్వాలని ఎవరికీ తోచదు. అతని జీతం పూర్తిగా దుకాణం మీదే. ఒప్పందంలో సంతకాలు లేని ఖర్చు అదొక్కటే, కాబట్టి మొదట కత్తి పడేది దానిమీదే. ఇద్దరు కాపలావాళ్లలో ఒకరిని ఇంటికి పంపుతారు. తర్వాత ఉన్న ఒక్కణ్ణే గ్లాసులు కడగమంటారు. కుక్కల డే కేర్లలో ఒక్క మనిషి పదీ పదిహేను కుక్కలకు మించి చూడలేడని చెప్పుకుంటారు. మంగళవారం సాయంత్రం వాన ఆగి, ఇరవై మంది ఒక్కసారిగా కుక్కలతో వస్తే, దొడ్డి గేటు దగ్గర ఎవరూ ఉండరు.

ఇందులో దుర్మార్గుడు ఎవరూ లేరు. ఫ్రాంచైజీ కంపెనీ చెప్పవలసినవన్నీ చెప్పింది, బ్యాంకు తన డబ్బు అడిగింది, యజమాని ఇల్లు పోకుండా చూసుకున్నాడు. ఒప్పందాల అల్లిక మాత్రం నష్టాన్ని సంతకం లేనివాడి వైపు వాలుగా జారుస్తుంది, గడ్డి కింద కంకర నీళ్లను జార్చినట్టు. బుద్ధుడి జాబితాతో తూచితే ఈ వ్యాపారం మద్యం దగ్గరే ఓడిపోతుంది. ధర్మరాజు కొలతతో తూచితే మద్యం దగ్గర కాదు, ఫిబ్రవరిలో రెండో కాపలావాడి జీతం దగ్గర తేలుతుంది. రెండో కొలతే ఈ దుకాణానికి ఎక్కువ అతుకుతుంది. ఎందుకంటే దాన్ని పాటించడానికి దుకాణం మూయనక్కర్లేదు. పెట్టుబడి పట్టికలో చలికాలపు కాపలా జీతాన్ని అద్దెలాగే తగ్గించరాని వరసగా రాసుకుని, దానికి సరిపడే డబ్బు మొదటే పక్కన పెట్టాలి. అలా రాసుకుంటే పెట్టుబడి పెరుగుతుంది. కొందరికి ఈ వ్యాపారం తమకు అందనిదని అప్పుడే తెలుస్తుంది. అది కూడా డిస్‌క్లోజరే.

మూతపడ్డప్పుడు జరిగేది క్లుప్తం. బార్ కె 2024లో మూతపడి దివాలాకు వెళ్లింది. అలాంటి దివాలాలో తాకట్టు ఉన్న బ్యాంకుకు ముందు, ఆ తర్వాత కోర్టు ఖర్చులు, ఒక పరిమితిదాకా జీతాల బాకీలు, ఏడాది సభ్యత్వానికి ముందే డబ్బు కట్టినవాళ్లకు ఇంకో పరిమితిదాకా, పన్నులు, చివర మిగిలితే మిగతావాళ్లకు. ఫ్రిజ్‌లు, బీరు కుళాయిలు వేలంలో పోతాయి. కోటా ఉన్న రాష్ట్రమైతే లైసెన్సుకు మంచి ధరే వస్తుంది. కొన్నివేల కుక్కలు తిరిగిన కృత్రిమ గడ్డిని మాత్రం ఎవరూ కొనరు. దాన్ని చుట్టలుగా కోసి, లారీకెత్తి చెత్తదిబ్బకు పంపుతారు, ఆ లారీ కిరాయి కూడా బాకీల జాబితాలోనే చేరుతుంది.